గ్యాస్ కాదమ్మా, ఒకసారి ఈసీజీ తీయించండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో గుండె గురించి, బీపీ గురించి అడిగినవే ఎక్కువ, అందులోనూ రాసినవాళ్లు చాలామంది ఆడవాళ్లే, లేదా అమ్మ గురించో అత్తగారి గురించో బెంగపడి రాసిన పిల్లలు. అందుకే ఈ సంచికలో మోకాళ్ల నొప్పులు, జుట్టు ఊడటం పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. ఊళ్లూ పేర్లూ గుర్తుపట్టకుండా మార్చాం.

ప్రశ్న: డాక్టరుగారండీ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా అమ్మకి 57 ఏళ్లు, షుగర్ ఉంది. పోయిన నెల వీపు మధ్యలో నొప్పి, కడుపులో తిప్పుతున్నట్టు ఉండటం, మెట్లెక్కితే ఆయాసం అంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు గ్యాస్ అని ఇంజక్షన్ చేసి మాత్రలిచ్చారు. మూడో రోజు చెమటలు పట్టి పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లాం, హార్ట్ ఎటాక్ వచ్చి రెండ్రోజులైంది, లేటుగా తెచ్చారు అన్నారండి. స్టెంట్ వేశారు, ఇంటికొచ్చింది గానీ నాలుగడుగులు వేస్తే అలిసిపోతోంది. ఆడవాళ్లకి గుండెపోటు రాదంటారు కదండీ, మరి మా అమ్మకెందుకిలా అయింది?

జవాబు: రాదన్నది అబద్ధం బాబూ. ఆడవాళ్లకి మగవాళ్ల కంటే కొంచెం ఆలస్యంగా వస్తుంది, అంతే. నెలసరి ఆగేదాకా ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ వల్ల కొంత రక్షణ ఉంటుంది, ఆగాక అదీ పోతుంది, షుగర్ ఉన్నవాళ్లకైతే ముందు నుంచీ ఆ రక్షణ అంతంత మాత్రమే. 52 దేశాల్లో చేసి 2004లో బయటపెట్టిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద స్టడీలో ఆడవాళ్లకి మొదటి ఎటాక్ మగవాళ్ల కంటే సుమారు 9 ఏళ్లు ఆలస్యంగా వస్తోందని తేలింది, అదే స్టడీలో మన దక్షిణాసియా వాళ్లకి మిగతా దేశాల వాళ్ల కంటే చిన్న వయసులోనే వస్తోందనీ తేలింది, అంటే మీ అమ్మగారి వయసులో రావడం వింతేమీ కాదు. మన ఊళ్ల సంగతే కావాలంటే, 2003-04లో ఉభయగోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో ఏడాదిపాటు ఎవరు ఎందుకు చనిపోయారో ఇంటింటికీ వెళ్లి అడిగి లెక్క రాశారు, అందులో గుండె, రక్తనాళాల జబ్బులే అన్నిటికంటే ముందున్నాయి, 100 చావుల్లో 32. పట్నం జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అని మనవాళ్లు అనుకుంటూ ఉండగానే ఇరవయ్యేళ్ల క్రితమే అది మన పొలం గట్ల మీదకి వచ్చేసింది.

ఇక నొప్పి విషయం. ఆడవాళ్లలో కూడా ఎక్కువమందికి గుండెల్లో బరువు, పట్టేసినట్టు ఉండటం అనేవే వస్తాయి, అది మర్చిపోవద్దు. కాకపోతే దాంతోపాటో, అది లేకుండానో దవడ లాగడం, వీపు నొప్పి, ఆయాసం, వాంతి, చల్లటి చెమటలు, కారణం లేని నీరసం మగవాళ్ల కంటే వీళ్లలో ఎక్కువ కనిపిస్తాయి, షుగర్ ఉంటే నరాలు దెబ్బతిని నొప్పే తెలియకపోవచ్చు. ఇవన్నీ చెప్పినప్పుడు మగాడైతే 'ఛాతీలో ఏమైనా ఉందా' అని అడుగుతారు, ఆడమనిషైతే గ్యాస్, నీరసం, టెన్షన్, నెలసరి ఆగే వయసు అని ఏదో ఒకటి అంటగట్టేస్తారు. ఆమె కూడా పొయ్యి మీద అన్నం దించి, గేదెకి కుడితి పెట్టి, మనవడు స్కూల్ నుంచి వచ్చాకే ఆస్పత్రి మాట ఎత్తుతుంది. మీ అమ్మగారి విషయంలో రెండ్రోజులు అలాగే పోయాయి. నాకు బాధ కలిగేది దీనికే, జబ్బు ఒకటే, మందు ఒకటే, చేరే టైమే తేడా.

ఇంకోసారి ఎవరికైనా ఇలా అయితే, నలభై దాటిన ఆడమనిషికి బొడ్డు పై నుంచి దవడ దాకా ఎక్కడైనా కొత్తగా నొప్పో బరువో వచ్చి పది పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే, లేదా ఆయాసంతో చెమటలు పడితే, 108కి ఫోన్ చేయండి, బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లొద్దు. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో రక్తం పోయే అల్సర్ ఉన్నవాళ్లు కాకపోతే, మాట పోవడం, మూతి వంకర పోవడం లాంటి పక్షవాతం లక్షణాలు లేకపోతే, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించమని ఫోన్లోనే చెబుతారు, అడగండి. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్రం సొంతంగా వేయకండి, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఆస్పత్రికి వెళ్లగానే మొదటి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, గట్టిగా అడగండి, మొదటిది బాగానే ఉన్నా నొప్పి తగ్గకపోతే కాసేపాగి మళ్లీ తీయాలి, ట్రోపోనిన్ రక్త పరీక్ష చేయాలి. గడ్డ కరిగించే ఇంజక్షన్ మొదటి గంటల్లో చేస్తేనే బాగా పనిచేస్తుంది, 12 గంటలు దాటాక దాదాపు లాభం ఉండదు.

అమ్మగారి అలసటకి ఎకో అనే గుండె స్కాన్ తీయించి గుండె పంపింగ్ ఎంతుందో చూడమనండి. స్టెంట్ వేశాక ఇచ్చిన రెండు రక్తం పలచన మాత్రలు డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు, పళ్లు పీకించుకోవాలన్నా, కాటరాక్ట్ ఆపరేషన్ అన్నా ముందు గుండె డాక్టరుని అడగాలి.

ప్రశ్న: నేను భీమవరం దగ్గర రొయ్యల షెడ్డులో పనికి వెళ్తానండి, 41 ఏళ్లు. క్యాంపులో బీపీ 160/100 అన్నారు. నాకేం తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. నెల రోజులు మాత్రలేసుకున్నా, మళ్లీ చూస్తే 130 ఉంది, తగ్గిపోయిందని మానేశా. ఒకసారి మొదలెడితే జీవితాంతం అలవాటైపోతాయని మా పక్కింటి అక్క చెప్పింది. పైగా పీహెచ్‌సీకి వెళ్లాలంటే ఆ రోజు కూలి పోతుంది.

జవాబు: చెల్లీ, 130కి వచ్చింది మాత్ర వల్ల, మాత్ర మానితే మళ్లీ 160 అవుతుంది. అలవాటు అనే మాట సారాకీ చుట్టకీ సరిపోతుంది గానీ బీపీ మాత్రకి కాదు, ఆపితే ఒళ్లు వణకదు, మాత్ర కావాలని ప్రాణం లాగదు, చప్పుడు లేకుండా బీపీ పెరుగుతుంది అంతే. చెరువు గట్టు సంగతి నీకు తెలుసు కదా, నిండా పెట్టిన నీళ్లు రాత్రీ పగలూ ఒత్తుతూనే ఉంటాయి, గట్టు బయటికి బాగానే కనిపిస్తుంది, గండి పడేదాకా ఎవరికీ తెలియదు, రక్తనాళాల మీద బీపీ ఒత్తిడి కూడా అంతే, గండి మెదడులో పడితే పక్షవాతం. కిడ్నీలు, కళ్లు, గుండె కూడా దెబ్బతింటాయి. తలనొప్పి రాలేదు కాబట్టి బీపీ లేదనుకోవడం చాలా ప్రమాదం, ఎక్కువమందికి ఏమీ తెలియదు.

ఇంకో మాట అడుగుతా, నువ్వు రాయలేదు గానీ నాకు అనుమానం. షెడ్డులో ఐసు మధ్య గంటల తరబడి నిలబడి తలలు తీస్తారు కదా, సాయంత్రానికి నడుం, వేళ్లు నొప్పులని కిళ్లీ కొట్లోనో మెడికల్ షాపులోనో నొప్పి బిళ్లలు కొనుక్కుని రోజూ వేసుకుంటున్నావా? డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెట్టి బీపీ పెంచుతాయి, బీపీ మాత్ర పని చేయనివ్వవు, కిడ్నీకీ మంచిది కాదు. కూలి పని చేసే ఆడవాళ్లలో బీపీ కంట్రోల్‌కి రావట్లేదంటే నేను ముందు అడిగేది దీని గురించే. నొప్పికి పారాసెటమాల్ వాడు, అదీ అవసరమైన రోజే.

ఉప్పు సంగతి. రోజుకి ఒక మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మామూలుగా జనం తినేది దానికి దాదాపు రెట్టింపు. మన వైపు ఆ రెట్టింపు ఎక్కడి నుంచి వస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు, పొద్దున్న చద్దన్నంలోకి ఆవకాయ, మధ్యాహ్నం బాక్సులోకి ఎండు రొయ్యలో ఉప్పు చేపో, రాత్రి మజ్జిగలోకి ఊరమిరపకాయ. కూర చేసుకునే టైము లేక తినే తిండి ఇది, రుచి యావ అని నేను అనను. ఉప్పు చేపని రెండు మూడు నీళ్లలో నానబెట్టి పారబోసి వండు, ఆ కూరలో మళ్లీ ఉప్పు వేయకు, పచ్చడి రోజుకి ఒక్క పూటే పెట్టుకో. సముద్రం దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తాగడానికి, వంటకి వేరే నీళ్లు వాడుకోవాలి, ఆ నీళ్లలోంచి కూడా సోడియం ఒంట్లోకి పోతుంది. బీపీకి మంచిదని అమ్మే పొటాషియం ఉప్పు మాత్రం కిడ్నీ పరీక్ష చేయించుకోకుండా వాడొద్దు.

కూలి పోతుందన్నది మాత్రం నీ తప్పు కాదు, నేను తేలిగ్గా కొట్టిపారేసేదీ కాదు. మీ ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో బీపీ చూస్తారు, మాత్రలు ఉచితం, ఒకేసారి నెలకి సరిపడా ఇమ్మని అడుగు, ఆశా కార్యకర్తకి నీ షిఫ్టు ఎన్నింటికి మొదలవుతుందో చెప్పు, ఆవిడ ఇంటికే తెచ్చివ్వగలదు. చాలామందికి రోజుకి ఒక్క ఆమ్లోడిపిన్ మాత్రతో మొదలవుతుంది. అది వేసుకున్నాక కాళ్ల వాపు వస్తే మానేయకు, వెళ్లి చెప్తే మార్చిస్తారు.

ప్రశ్న: మాది నరసాపురం. మా అత్తగారికి 62, బీపీకి రెండు మాత్రలు పొద్దునా రాత్రీ వాడుతున్నారు. రంజాన్‌లో రోజాలు ఉంటానని పట్టుబడతారు, పగటి మాత్ర మానేస్తారు. ఏం చేయాలండి?

జవాబు: మానేయక్కర్లేదమ్మా, మార్చుకోవచ్చు. రంజాన్‌కి రెండు మూడు వారాల ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి 'రోజాలు ఉంటారు, దానికి తగ్గట్టు మాత్రలు సర్దండి' అని అడగండి, రోజుకొక్కసారి వేసే మందులు చాలా ఉన్నాయి, ఇఫ్తార్ తర్వాతో సహరీ టైముకో వేసుకోవచ్చు. ఒంట్లో నీరు తీసే మాత్ర ఉంటే దాన్ని సహరీకి కాకుండా సాయంత్రానికి మార్చడం మంచిది, లేకపోతే పగలంతా దాహంతో కళ్లు తిరుగుతాయి. ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, కాళ్లకి నీరు, ఆయాసం ఉన్నవాళ్లు, బీపీ అసలు అదుపులో లేనివాళ్లు ఉండకూడదు, జబ్బు మనిషికి ఉపవాసం నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది కాబట్టి మసీదులో పెద్దలతో ఒక మాట చెప్పిస్తే ఆవిడ మనసు కుదుటపడుతుంది. ఉపవాసం ఉంటున్నారని తెలియక, అడక్క మాత్రలు రాసిచ్చేస్తాం మేము డాక్టర్లం, ఆవిడేమో మొహమాటంతో చెప్పరు, నెలంతా బీపీ పైకీ కిందకీ అవుతుంది. కాబట్టి మీరే చెప్పండి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, రాజోలు వైపు. రెండో కాన్పులో ఏడో నెలలో బీపీ పెరిగి గుర్రపు వాతం (ఫిట్స్) వచ్చిందన్నారు, ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు, ఇద్దరం బాగానే ఉన్నాం. కాన్పు తర్వాత బీపీ తగ్గిపోయింది. మా అక్కకి 36, అధిక రక్తస్రావం అని గర్భసంచి తీసేశారు. మా ఇద్దరికీ గుండె జబ్బు వచ్చే అవకాశం ఉందని ఎవరో అన్నారు, నిజమేనా?

జవాబు: నిజమేనమ్మా, భయపడమని కాదు, జాగ్రత్త పడమని చెప్తున్నా. కాన్పులో బీపీ వచ్చి తగ్గినవాళ్లకి మిగతావాళ్లతో పోలిస్తే తర్వాత జీవితంలో బీపీ వచ్చే అవకాశం మూడు నాలుగు రెట్లు, గుండె జబ్బు అవకాశం రెట్టింపు. ఇది ప్రతి డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వాల్సిన విషయం, మన దగ్గర బిడ్డ టీకాల కార్డు ఇచ్చి పంపేస్తారు, తల్లి బీపీ మళ్లీ ఎప్పుడు చూడాలో చెప్పేవాళ్లు తక్కువ. నువ్వు ఏడాదికొకసారి తప్పకుండా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకో, ఏ డాక్టరు దగ్గరికి ఏ పనిమీద వెళ్లినా 'నాకు కాన్పులో గుర్రపు వాతం వచ్చింది' అని నువ్వే చెప్పు. ఒకవేళ బీపీ వచ్చి మాత్రలు మొదలెడితే, మళ్లీ గర్భం వచ్చే అవకాశం ఉంటే అది కూడా చెప్పాలి, టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటివి కడుపులో బిడ్డకి ప్రమాదం, అప్పుడు వేరే మందులు ఇస్తారు.

మీ అక్క ఆపరేషన్ కాగితాలు వెతికించు, గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీశారా అన్నది చూడాలి. అవి కూడా తీసేస్తే 36కే నెలసరి ఆగిపోయినట్టు లెక్క, గుండెకి ఉండే రక్షణ దాదాపు పదేళ్ల ముందే పోతుంది, హార్మోన్ మాత్రలు అవసరమా అని స్త్రీల డాక్టరుతో మాట్లాడాలి. అండాశయాలు ఉంచినా కొంత రిస్కు ఉంటుంది, ఆవిడా ఏటా చూపించుకోవాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలోకెల్లా ఎక్కువ ఉన్నది మన ఆంధ్రాలోనే, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100కి దాదాపు 9 మంది. పొలం పనికి అడ్డమనీ, క్యాన్సర్ అవుతుందనీ భయపెట్టి ముప్పైల్లోనే తీసేసిన ఆడవాళ్లని నేను చూస్తూనే ఉన్నాను, అది చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఎందుకంటే రక్తస్రావానికి మందులు ఉన్నాయి, లూపులా పెట్టే హార్మోన్ పరికరం ఉంది, అవేవీ చెప్పకుండానే కోసేస్తున్నారు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఉంటుందండి, డల్లాస్‌లో. 38 ఏళ్లు, సన్నగానే ఉంటుంది. అక్కడ డాక్టరు 'మీరు సౌత్ ఏషియన్ కాబట్టి మీకు గుండె రిస్కు ఎక్కువ' అని కొలెస్ట్రాల్ పరీక్షలు రాశాడట. జాతిని బట్టి జబ్బు వస్తుందా? అమలాపురం నుంచి ఒక తల్లి.

జవాబు: ఆ డాక్టరు సరిగ్గానే చెప్పాడమ్మా. 2018లో అక్కడి గుండె డాక్టర్ల సంఘాలు ఇచ్చిన కొలెస్ట్రాల్ గైడ్‌లైన్స్‌లో దక్షిణాసియా మూలాలు ఉండటాన్ని రిస్కు పెంచే విషయాల్లో ఒకటిగా రాశారు, 40 ఏళ్ల లోపు నెలసరి ఆగడం, కాన్పులో బీపీ రావడం కూడా ఆ లిస్టులోనే ఉన్నాయి. మనవాళ్లు సన్నగా కనిపించినా పొట్ట దగ్గర కొవ్వు, షుగర్ తొందరగా వస్తాయి, అందుకే మనలో ఆడవాళ్లకి నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటాం. టేపు పెట్టి కొలుచుకోమనండి.

జాతి అన్నారు కాబట్టి ఇంకొంచెం చెప్తాను. అదే అమెరికాలో 2017-18 లెక్కల ప్రకారం నల్లజాతి పెద్దవాళ్లలో 100కి 57 మందికి బీపీ ఉంది, దేశం మొత్తం మీద 45, వాళ్లు 130/80 నుంచే బీపీగా లెక్కపెడతారు లెండి, అందుకే అంకెలు పెద్దవి. దీన్ని రక్తంలో ఉన్న లోపం అనుకుని చాలాకాలం సరిపెట్టుకున్నారు, కానీ తాజా కూరగాయలు దొరకని పేటల్లో ఇళ్లు, ఇన్సూరెన్స్ లేకపోవడం, రెండు ఉద్యోగాలు, తరాలుగా పడ్డ అవమానాలు, నొప్పి అని చెప్తే నమ్మకపోవడం, ఇవన్నీ కలిసి బీపీ పెంచుతాయని ఇప్పుడు అక్కడి పరిశోధకులే గట్టిగా చెబుతున్నారు. మన దగ్గర కులం పేరు మీద, మతం పేరు మీద ఊరికి ఒక చివర ఉన్న ఇళ్లలోనూ అదే నేను చూస్తున్నది, పేటలో ఉండే అమ్మకీ అగ్రహారంలో ఉండే అమ్మకీ గుండె ఒకలాగే ఉంటుంది, కానీ బీపీ పట్టీ ఒకరి చేతికి నలభై ఏళ్లకే కట్టారు, ఇంకొకరికి మూతి వంకర పోయాక కట్టారు.

ప్రశ్న: మా ఆవిడకి 26 ఏళ్లు, మేము అంతర్వేది దగ్గర వేటకెళ్లేవాళ్లం. చిన్నప్పుడు కీళ్ల వాపు, జ్వరం వచ్చేదట, ఇప్పుడు గుండెలో వాల్వు సన్నబడింది అంటున్నారు. 21 రోజులకొక ఇంజక్షన్ అన్నారు, నొప్పి భరించలేక మానేసింది.

జవాబు: మాన్పించకు బాబూ, ఆ పెన్సిలిన్ ఇంజక్షనే వాల్వు ఇంకా పాడవకుండా కాపాడేది. చిన్నప్పుడు గొంతు నొప్పికి సరైన మందు పడక వచ్చే జబ్బు ఇది, ఇరుకిళ్లలో ఎక్కువ, ఆడవాళ్లలో ఎక్కువ. నొప్పి తగ్గేలా మత్తుమందు కలిపి నిదానంగా చేయమని అడగొచ్చు. ఎన్నేళ్లు చేయించాలో ఎకో చూసి గుండె డాక్టరే చెప్పాలి. గర్భం సంగతి మాత్రం ముందే ఆయనతో మాట్లాడాకే అనుకోండి, సన్నబడిన వాల్వుతో ఆరో నెల దాటాక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరొచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. బెలూన్‌తో వాల్వు వెడల్పు చేసే పద్ధతి ఉంది, ఆరోగ్యశ్రీ అని మనం ఇంకా పిలుచుకునే ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందేమో కాకినాడ పెద్దాస్పత్రిలో ఆ పథకం సంగతులు చూసే వైద్యమిత్రని అడగండి.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తనండి, కోనసీమలో. బీపీ క్యాంపు రామాలయం దగ్గర పెడితే పేట నుంచి ఆడవాళ్లు రారు, చెరువుల మీద పనికెళ్లేవాళ్లు అసలు దొరకరు. వచ్చిన ముసలాళ్లకే మళ్లీ మళ్లీ చూస్తున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: నీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించానమ్మా, ఈ నెల వచ్చిన వాటిలో అసలు ప్రశ్న ఇదే. లాస్ ఏంజెలస్‌లో నల్లజాతి మగవాళ్లు ఆస్పత్రికి రావట్లేదని 52 సెలూన్లలో బీపీ చూడటం మొదలెట్టారు, ఫార్మసిస్టులు సెలూన్‌కే వచ్చి మందులు రాసిచ్చారు, ఆరు నెలల్లో వాళ్ల పై బీపీ సగటున 27 పాయింట్లు తగ్గింది, మామూలు సలహా మాత్రమే ఇచ్చినవాళ్లకి 9 తగ్గింది, ఇది 2018లో అచ్చయింది. మన ఆడవాళ్లకి సెలూన్ లేదు గానీ డ్వాక్రా మీటింగు ఉంది, ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి అరుగు ఉంది, నరసాపురం వైపైతే లేసు అల్లేవాళ్లు కూర్చునే వరండా ఉంది, షెడ్డు ఆటో వచ్చే ముందు రోడ్డు మీద అరగంట ఉంది. నాట్ల రోజుల్లో తెల్లవారుజామున ఆరుకి ముందే వెళ్లాలి. మీ ఏఎన్‌ఎంతో, హెల్త్ క్లినిక్ నర్సుతో మాట్లాడి క్యాంపు చోటు మార్పించు, ఎవరైనా అడ్డం చెబితే పోయిన ఆరు నెలల రిజిస్టర్ తీసి పేటలో ఎంతమందికి చూశారో లెక్క చూపించు, మాటకంటే అది పనిచేస్తుంది.

చూసేటప్పుడు మణికట్టు మెషీన్ వద్దు, జబ్బకి కట్టేదే వాడు, లావు చేతికి పెద్ద పట్టీ అడిగి తెప్పించుకో, చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. జాకెట్ చెయ్యి బిగుతుగా ఉంటే దాని మీద కట్టకు, దాన్ని పైకి తోస్తే ఇంకా నొక్కుతుంది, అందుకే చాటుగా ఒక చీర అడ్డం కట్టుకో, ఆడవాళ్లు మొహమాటపడేది అక్కడే. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, కాళ్లు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడించకుండా రెండుసార్లు చూడు. రెండు వేర్వేరు రోజుల్లో 140/90 అంతకంటే ఎక్కువ ఉంటే క్లినిక్‌కి పంపు. 180/120 ఉంటే, లేదా అంతకంటే తక్కువున్నా ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉంటే, వాళ్లు పనికి పోవాలన్నా సరే ఊరుకోవద్దు, అక్కడి నుంచే 108కి ఫోన్ చేయించు.